బ్లేడు మార్చే లోపల

కొండ మీద కల్యాణకట్టలో
నా ముందర కూచున్న తల ప్రతిదీ
కొంచెం వొంగే వొస్తాది.
నీళ్లు చల్లి అరచేత్తో రుద్దేటప్పుడే
తెలిసిపోతాది నాకు:
ఈ తల రాత్రి నిద్రపోలేదనీ,
ఈ తల ఎవురితోనో కొట్లాడి బస్సెక్కిందనీ,
ఈ పసితల ఇంక రెండు నిమిషాల్లో ఏడస్తాదనీ.

పద్నాలుగేండ్లుగా తలకాయలు చదవతా ఉండా.
నాది మాత్రం
అద్దంలో చూసినా అందలా.

పెద్ద కష్టమేమీ గాదు, అదే చెప్పొచ్చేది.
మొగుడు తాగడు. రేణుక పాలిటెక్నిక్ చదవతాది.
కొర్లగుంటలో బాడిగిల్లే అయినా కుళాయి నీళ్లు వొస్తాయి.
అయినా తెల్లారి మూడుకి కండ్లు తెరుచుకునేవి,
ఎవురో తలుపు తట్టినట్టు.
లేచి చూస్తే ఎవురూ ఉండరు.
ఫ్యాను తిరగతా ఉంటాది. నేనూ తిరగతా ఉంటా,
పంచలో, వొంటింట్లో, మళ్లీ పంచలో.

సంగటి ముద్ద గొంతు దిగేది గాదు.
ఊరిబిండి నూరి ఉప్పెయ్యడం మరిచిపోతే
మూడు దినాలు అట్టే తిన్నాం, ఎవురూ అడగలా.
నాలుగో దినం రేణుక కంచం పక్కకి జరిపి
"ఉప్పు సంగతి పోనీలే మా, నీ సంగతేంది?" అనింది.

పక్కింటి దేశమ్మ గంగమ్మకి పొంగలి పెట్టమనింది, పెట్టినా.
మా వదిన దిష్టి తీసింది, తీయించుకున్నా.
మా ఆయన "నీకేం తక్కువని?" అన్నాడు.
ఆ మాటకి మాత్రం మందు లేకపాయ.

రుయాలో మానసిక వైద్యం ఓపీ ముందర
చీటీలు పట్టుకొని బెంచీల మీద
టోకెన్లు పట్టుకున్న యాత్రికుల మాదిరే ఉన్నాం అందురమూ.
తెలిసినోళ్లు చూస్తారేమోనని కొంగు కప్పుకున్నా.
చూసిందెవురనుకున్నారు? మా షిఫ్టు సూపర్‌వైజరు శేషాచలం!
ఆయన చేతిలోనూ అదే రంగు చీటీ.
ఇద్దురమూ గోడ మీద బల్లిని చూసినాం,
శానా సేపు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా రేణుక కంటే
పదేండ్లు పెద్దదేమో, అంతే.
"ఏం జరిగింది?" అని అడగలా.
"నిద్ర ఎట్ట పడతా ఉండాది?" అనింది.
ఆ ఒక్క మాటకి
తడిపిన ఎంటికల మాదిరి మెత్తబడిపోయినా.

మాత్రలు రాసింది.
నెలకి రెండుసార్లు వొచ్చి మాట్లాడమనింది.
గంగమ్మ తల్లి కోపం చేసుకోలా.

ఇప్పుడు బాగుండాదా అంటే,
కొన్ని దినాలు బాగుంటాది. కొన్ని దినాలు లేదు.
మూడు గంటల తలుపు ఇంకా అప్పుడప్పుడు చప్పుడవతాది.
లేచి తిరగను ఇప్పుడు. పండుకోనే "ఎవురూ?" అంటా.
పక్కనించి మా ఆయన నిద్రలోనే
"నేనేలే" అంటాడు.

డ్యూటీ లేని దినం కపిలతీర్థం దాకా నడిచి పోతా.
వానలు పడుంటే నీళ్లు దూకతా ఉంటాయి,
లేకుంటే ఉత్త రాళ్లే.
ఉత్త రాళ్లు చూసేదానికి కూడా పోవచ్చునని
ఇన్నాళ్లూ నాకు తెలీలా.

ఒక తలకీ ఇంకో తలకీ మధ్యన
పాత బ్లేడు తీసి, కొత్తది సగానికి ఇరిచి,
కత్తికి తగిలిచ్చే లోపల
ఒక్క ఊపిరి నాకోసం తీసుకుంటా, కడుపు దాకా.
లైన్లో ఉండేవాళ్లు "తొందరగా కానీమ్మా" అంటారు.
అననీలే.

మొన్న ఒక పిల్ల, ఇరవై నిండినాయో లేదో,
గుండు అయిపోయినాక కూడా పీట మీదనుంచి లేవలా.
చెంపల మీద నీళ్లు, నేను చల్లినవి కొన్ని, తనవి కొన్ని.
"ఇంకా బరువుగానే ఉండాదక్కా" అనింది.
ఎంటికలు తీసేంత వరకే తల్లీ నా పని
అని చెప్పబోయి
కత్తి పక్కన పెట్టినా.
"నిద్ర ఎట్ట పడతా ఉండాది నీకు?"

అవతల టోకెను నంబరు పిలస్తా ఉండారు.
ఆ పిల్ల చెప్పేదానికి మొదలు పెట్టింది.