చేరే రోజు: నిన్న

అపియా నుంచి పాగో పాగోకి
గాలిలో దూరం నూట ముప్పై కిలోమీటర్లు, అటూ ఇటూగా.
సమయం ముప్పై అయిదు నిమిషాలు,
ఎదురుగాలి ఉంటే ఇంకో అయిదు.
చేరే రోజు: నిన్న.

ఈ చివరి ముక్క దగ్గరే అందరూ ఆగుతారు.
అచ్చుతప్పు కాదండీ అని
కౌంటర్లో రోజూ చెబుతూనే ఉంటాను.
చేతిగడియారం ముట్టుకోనక్కర్లేదు.
నడిసముద్రంలో ఎవరూ చూడని గీత ఒకటి
తారీఖునొక్కదాన్నీ వెనక్కి లాగుతుంది.

విమానం చిన్నది.
పెట్టెలతో పాటు మనుషుల్నీ తూస్తాం.
కొందరు ఊపిరి బిగబట్టి నిలబడతారు,
ఊపిరికేదో బరువున్నట్టు.

ఈ గురువారం పొద్దున్న ఫువాటినో వచ్చింది,
వైటెలెలో కుట్టుమిషను పెట్టుకున్నావిడ.
కళ్ళ కింద రెండు రాత్రుల నలుపు,
మెడలో ఇంకా కొలతల టేపు.
చేతుల మీద తెల్లటి పెళ్ళిగౌను.
తూకం మీద కూడా కింద పెట్టలేదు.
"బుధవారానికి ఇస్తానని మాటిచ్చాను."
ఇవాళ గురువారం కదా, అన్నాను.
"అక్కడ బుధవారమేగా!"

టికెట్టు డబ్బు కుట్టుకూలిని మింగేస్తుందని
చెప్పబోయి మానుకున్నాను.
బట్ట కొలిచే మనిషి ఆమాత్రం కొలుచుకోదా.
ముప్పై ఏళ్ళలో ఒక్క గడువూ తప్పలేదట.
నాకు తెలిసే నాలుగు తప్పింది,
మా తమ్ముడు ఇయోసెఫో కోటుతో కలిపి.
కౌంటరు వెనక నిలబడ్డవాడు
కిలోల గురించే మాట్లాడాలి.
డెబ్బై ఎనిమిది, గౌనుతో సహా, అన్నాను.

సాయంత్రం విమానానికే వెనక్కి వస్తానంది.
అయితే బుధవారం ఎక్కి గురువారం దిగుతావు,
ఇచ్చిన రోజును దారిలోనే వసూలు చేసుకుంటారు, అన్నాను.
"వడ్డీ లేదుగా?"

నవ్వాను గానీ, మా అమ్మ నవ్వదు.
రెండువేల పదకొండు చివర్లో
దేశం దేశమంతా ఆ గీత దాటింది.
గురువారం రాత్రి పడుకుని శనివారం లేచాం.
"ఆ శుక్రవారం చేపలకి పోదామనుకున్నాను,
ఆ చేపలేమయ్యాయి?" అని
ఇప్పటికీ అడుగుతుంది, ముఖ్యంగా
కూర బాగా కుదరనప్పుడు.
నా దగ్గర జవాబు లేదు.

విమానం లేచింది. కాసేపు మెరిసే చుక్క,
తర్వాత మబ్బు.
ముప్పై అయిదు నిమిషాలు గడిచాక
టీ కప్పు పట్టుకుని అనుకున్నాను:
ఇప్పుడావిడ నిన్నలో దిగుతూ ఉంటుంది.
నిన్న ఈ వేళకి నేనేం చేస్తున్నానో
ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.
ఇదే టీ అయి ఉంటుంది.

సాయంత్రం తలుపు తోసుకుని వచ్చింది.
చేతుల మీద మళ్ళీ అదే గౌను.
"నడుం దగ్గర వదులంది పిల్ల.
శుక్రవారానికి సరిచేసి తెస్తానన్నాను."

ఎవరి శుక్రవారం? అన్నాను.

మెడలో టేపు సర్దుకుంది,
కాసేపు కళ్ళు మూసుకుంది,
"వెనక వచ్చేది" అంది.