గేటు దగ్గర

బెళ్లందూరు. పొద్దున ఆరున్నర.
తిరుమలలో గుండు చేయించుకుని
రాత్రే బస్సు దిగిన ఓబుళమ్మను
మా గేటు మెషిన్ ఎగాదిగా చూసి
మీరెవరో తెలియదంది,
ఇంగ్లీషులో, మర్యాదగా.

"సామికిచ్చింది జుట్టే కదప్పా,
మొగం ఈడే ఉండాదే!"
సెక్యూరిటీ బిస్వజిత్‌కి తెలుగు రాదు.
తన ఓటు ఏ ఊరి జాబితాలో ఉందో
అదీ తెలియదట.

నా చేతిలో పేపరు. మొదటి పేజీలో
కృత్రిమ మేధ మనిషిని మించిపోతుందని.
మించనీ.
ముందు ఆరేళ్లుగా నా కంచం కడిగే మనిషిని
గుర్తుపట్టడం నేర్చుకోమనండి!

అందామనే నోరు తెరిచాను.
ఈలోగా బిస్వజిత్ రిజిస్టరు తీసి
ఈమె ఇంటిపేరేంటి సార్ అన్నాడు హిందీలో.

ఓబుళమ్మ నా వైపు చూసింది.
నేను మెషిన్ వైపు చూశాను.