ఐసు చేతుల బేరం

తణుకు నించి వచ్చిన కుర్రాడు
నా టీ బల్ల మీద మూడు మిషన్లు పరిచేడు,
మూడూ కాగితం మీదే.
పేరు ప్రభుకిరణ్. బూట్లకి అప్పుడే చెరువు బురద.

"ఇది చూడండమ్మా, పద్నాలుగు రకాలు.
అల్లం టీ, బెల్లం టీ, సూపు కూడా..."
సూపు ఎవరు తాగుతారు బాబూ,
మొగల్తూరు రోడ్డులో, రొయ్యల షెడ్డు గేటు ముందు,
రాత్రి రెండింటికి?

నాకు కావలసింది ఆ రెండు గంటల వేళే.
పగలైతే నేనున్నాను, నా గిన్నె ఉంది,
రెండో డికాషనుకి నీళ్ళెన్నో నా మణికట్టుకి తెలుసు.
తొమ్మిదయ్యేసరికి మోకాలు
ఇంక కట్టేయవే అంటుంది.
అర్ధరాత్రి లారీ దిగిందంటే
తలలు వొలిచే ఆడవాళ్ళు నలభై మంది
ఒక్క పావుగంట బయటికొస్తారు,
మూసిన నా తడిక వంక చూసి
కుళాయి నీళ్ళు తాగి లోపలికి పోతారు.
ఆ పావుగంట కోసం ఈ బేరం.

రెండో కాగితం: గాజు తలుపు, లోపల స్ప్రింగు చుట్లు,
చుట్టు తిరిగితే బిస్కత్తు పొట్లం కింద పడుతుంది.
నగల కొట్టులా ఉంది.
ఈ ఉప్పుగాలికి మా సైకిలు చైనే ఏడాది ఆగదు,
నీ చుట్లు ఎన్నాళ్ళు తిరుగుతాయి?
"స్టెయిన్‌లెస్సండి."
షెడ్డు గేటుకీ అదే మాట చెప్పేరు.
తీసుకెళ్ళి తుప్పు పొక్కులు చూపించేను.

కరెంటు పోతే? ఇన్వర్టరు.
బోరు నీళ్ళు పోస్తే? ఇక్కడ ఆగేడు.
మా బోరు నీళ్ళకి కందిపప్పే ఉడకదు.
మంచినీళ్ళ డబ్బాలు రోజుకి రెండు, నెలకి ఎంత,
నాకు వేళ్ళమీద లెక్క, అతనికి ఫోనులో లెక్క,
నాదే ముందు తేలింది.

మూడోది అతనికి ముద్దు.
అద్దంలాంటి తెర. డబ్బులు ఫోనులో కొట్టేయడమే.
ఫోన్లు షెడ్డులోకి రానివ్వరు బాబూ,
గేటు దగ్గర పెట్టెలో పడేసి తాళం వేస్తారు.
చిల్లరంటావా, కొంగు ముడిలో ఉంటుంది.
"పోనీ, చిల్లర పెట్టె బిగిద్దామండి.
వేలితో అలా తాకితే చాలు కదమ్మా."

అప్పుడు లేచేను.
సోడాల తొట్టిలో పొద్దుటి ఐసు ఇంకా సగం ఉంది.
చెయ్యి పెట్టు అన్నాను. నవ్వి పెట్టేడు.
పగటి షిఫ్టు దిగిన కొల్లాటి నాగమల్లి
జడ విప్పుకుంటూ వచ్చి నిలబడింది,
ఒకటీ రెండూ అని తనే లెక్కపెట్టింది.
అరవై దగ్గర అతని మొహం మారింది.
నూటఇరవై దగ్గర తీసేడు,
ఎర్రగా, ఎవరిదో అయినట్టు వేలాడే చెయ్యి.
ఇప్పుడు నీ ఫోను తెరువు నాయనా.
వేలు పెట్టేడు. తెర పలకలేదు.
లాగుకి తుడిచి పెట్టేడు. పలకలేదు.
"మాకు ఎనిమిది గంటలు" అంది నాగమల్లి,
బస్సు టైము చెప్పినట్టు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
వేడి గ్లాసు ఒకటి అతని చేతుల మధ్య పెట్టేను.

అది తాగేక సంచీ అడుగు నించి
నాలుగో కాగితం తీసేడు, కమీషను రానిది.
పాలకొల్లులో మూతబడ్డ కోచింగు సెంటరు నించి
వెనక్కొచ్చిన పాత మిషను.
రెండే రకాలు, టీ, వేడి పాలు.
తెర లేదు. నిమ్మకాయంత ఎర్ర మీట,
మోచేత్తో గుద్దినా దిగుతుంది.
పది రూపాయల బిళ్ళ తప్ప ఇంకేదీ పుచ్చుకోదు.

నాగమల్లి పకపకా నవ్వింది.
బస్సులో కండక్టరు, బజార్లో కూరలామె
వద్దొద్దని తోసేసే బిళ్ళ!
నా పోపుడబ్బాలో మూడేళ్ళుగా
రెండొందల దాకా మూలుగుతున్నాయి.

ధర దగ్గర ఆగేం.
అతను పద్దెనిమిది వేలన్నాడు, నేను పదమూడు.
"అరువు పెడుతుందా అది?" అంది నాగమల్లి.
పెట్టదండి, అన్నాడు.
అందుకని మీద ఒక పచ్చడి జాడీ పెట్టాలనుకుంటున్నాను,
బిళ్ళలు పోసి, మూత లేకుండా.
ఎవరు తీసేరో ఎవరు వేసేరో
పొద్దున్నే లెక్కపెట్టను.
పెడతానేమో. చూడాలి.

శుక్రవారం వస్తానన్నాడు.
బండెక్కి, బ్రేకు మీద
ఆ వేళ్ళు ముడిచి విప్పి, ముడిచి విప్పి
కాసేపు చూసుకుని గాని
స్టార్టు చెయ్యలేదు.