పలక మోగితే

ఒకటో తరగతిలో చేరిన మూడో రోజు
నగీనా పలకను చెవికి ఆనించుకుని
వేలి కణుపుతో కొట్టి చూసింది.
"ఇది పగులుద్ది మేడం, వేరేది ఇయ్యి."
రెండ్రోజులకు నిజంగానే
'ఈ' మధ్యలోంచి చీలింది.

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ గోడ పక్కన మా బడి.
రంపం ఆగితేనే పాఠం.
తనకింకా 'అ' కుదరలేదు,
పొట్ట పెద్దదై వరసలోంచి దొర్లిపోతుంది.
ఇరవై తర్వాత ముప్ఫై అంటుంది.
డజను మాత్రం తప్పదు,
వాళ్ళమ్మ హుస్సేన్‌బీ పలకలు కట్టేది డజన్లలోనే.

ఉమ్మితో తుడవొద్దని
పొడిగుడ్డ ఇచ్చాను.
తుడిచి, కిటికీలోంచి గుడ్డ దులిపి, అడిగింది:
"ఇప్పుడు అ యాడికి పోయింది?"
నేను వెతుక్కుంటుండగానే
జవాబు తనే చెప్పింది:
"మా అమ్మ జుట్టులోకి.
పొద్దుగూకినాక దులుపుకుంటది."

నెలాఖరు ఫారంలో పదకొండు గడులు.
రంగులు గుర్తిస్తుందా? అవును.
ఆకారాలు? గుండ్రం ఒకటే అనుమానం.
శ్రద్ధగా వింటుందా?
అక్కడ పెన్ను కాసేపు ఆగింది.

ఈమధ్య కొత్త పలకల కట్ట వస్తే
తాడు విప్పి
ముందు తన చెవి దగ్గరికే పంపుతున్నాను.
పిల్లలంతా నోరు మూసుకుని
తలొకటి పట్టుకుని
వరసలో నిలబడతారు.