కంట్రోల్ ఫ్లాస్కు

తార్తూలో ఫిబ్రవరి. అమ్మ అని పేరున్న నది
గడ్డకట్టి పడుకుంది.
మూడో అంతస్తులో రిహో, నేను,
ముప్పై ఏడు డిగ్రీల ఇంక్యుబేటరూ మేలుకుని ఉన్నాం.

గులాబీ రంగు ద్రవంలో మనిషి కణాలు.
ఎవరి ఊపిరితిత్తులవో, ఆ మనిషి ఎప్పుడో పోయాడు.
ఇవి మాత్రం ప్రతి సోమవారం
ఇల్లు ఇరుకైందని కొత్త ఫ్లాస్కు అడుగుతాయి.

మిట్టమధ్యాహ్నం వైరస్ పోశాం.

రెండో గంట: ఏమీ లేదు.
నాలుగో గంట: చక్కెర లెక్కలు, గోడల మరమ్మతు,
పక్కింటివాళ్లతో కబుర్లు,
అన్నీ ఒక్కొక్కటే గొంతు తగ్గించాయి.
ఒక్క జన్యువు లేచి కూర్చుంది,
ఒంటికి కష్టమొస్తే తప్ప నోరు విప్పనిది.
ఆరో గంటకి అరుపు.
పన్నెండో గంటకి గీత గ్రాఫు పైఅంచు దాటిపోయింది.

దాని పనల్లా మడతలు.
నలిగిన ప్రొటీన్లను ఒక్కొక్కటే తీసి, దులిపి,
అంచులు కలిపి మళ్లీ మడతపెట్టడం.
ఇల్లు తగలబడుతున్నా బట్టలు సర్దే ముసలామె.
ముఖాలు ఆనవు ఆమెకి.
చేతికందినదల్లా మడుస్తుంది,
దొంగ చొక్కాతో సహా.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు.
వీడు ఇంటివాడేం కాదు,
ఆరు గంటల్లో అయ్యాడు.

ఇక్కడిదాకా అనుకున్నదే.
తెల్లవారుజామున మూడింటికి రిహో పిలిచాడు:
"ఇటు చూడు. ఇది వైరస్ పోయని ఫ్లాస్కు."
అందులోనూ అదే జన్యువు.
అంత కాదు, సగం. కానీ మాట్లాడుతోంది.

రెండు గంటలు తప్పు వెతికాం.
పిపెట్లు, సీసాల మీద తేదీలు, ఒకరి మీద ఒకరికి అనుమానం.
ఐదున్నరకి హెల్వె వచ్చింది, బూట్లకి మంచుతో.
ముప్పై ఏళ్లుగా ఈ గదిని తుడిచి, నడిపి, తిట్టినావిడ.
గీత కేసి చూసి ఒక్కటే అడిగింది:
"దీన్ని ఏ దారిన తెచ్చారు?"

పక్క భవనం నుంచి. ఇక్కడ ఒక ఫ్లాస్కు తక్కువైతే.
కిటికీ రెక్క సరిగా పడని వసారా మీదుగా,
రిహో వేళ్ల మధ్య, నలభై అడుగులు.
బయట మైనస్ పంతొమ్మిది.

"చలిలో అరవదు," అంది హెల్వె, కోటు విప్పుతూ,
"వెచ్చగా పడుకోబెట్టాక మొదలుపెడుతుంది."

రిహో నవ్వబోయి ఆగాడు.
కింది పెదవి మీద నిన్న లేని పొక్కు.
చిన్నప్పుడు ఎవరి ముద్దుతోనో వచ్చి
నరంలో పడుకున్నది,
థీసిస్ రాసే నెలలోనే దానికి తెల్లవారింది.
ఎవరం ఏమీ అనలేదు. హెల్వె కాఫీ పెట్టింది.

నోట్‌బుక్కులో రాశాను: ఈ ప్రయోగం చెల్లదు.
మళ్లీ సోమవారం.
దాని కింద, చిన్న అక్షరాల్లో:
కంట్రోల్ ఫ్లాస్కును కోటు లోపల పెట్టుకుని,
పొట్టకానించి, మెల్లగా నడిచి తేవాలి.