మణికట్టు మీద ఆలూబుఖారా

పత్తర్‌గట్టీ కమాన్ల కింద
గాజు బుడ్లు పేర్చిన ఇరుకు దుకాణం.
యాకూత్ సాబ్ సన్నటి పుల్లను నూనెల ముంచి
చెయ్యి ఇటు తిప్పమన్నడు.

నవ్వొచ్చింది.
పొద్దంత నేను జనానికి చెప్పే మాట గదే:
చెయ్యి ఇటు తిప్పు, పిడికిలి బిగించు, అటు చూడు.
మలక్‌పేటల ఒక ల్యాబుల
పదకొండేండ్ల సంది నెత్తురు తీస్తున్న.
ఇయ్యాల నా నరం మీద
ఇంకొకరు సల్లగ గీత గీసిండ్రు.

"అప్పుడే వాసన చూడకమ్మా.
బుడ్డిల ఉన్నంతసేపు అది నా సరుకు.
తోలు మీదికొచ్చినంక నీది.
జర తిరిగి రా, ఏమంటదో అప్పుడు విను."

నేనెప్పుడన్న ఒకరి మాట విన్ననా?
మెట్లు దిగకముందే ముక్కుకు ఆనించుకున్న.

మొదాల పులుపు.
ఆలూబుఖారా కొరికితే
పంటికింద తోలు చిట్లి
మోచేతి దాక కారే ఎర్రటి పులుపు.
దాని ఎనకనే తీపి,
మొజంజాహీ మార్కెట్ల చీకటి పడ్డంక
మెత్తబడ్డయని సగం ధరకిచ్చే పండ్ల తీపి,
కొంచెం కల్లు లెక్క, కొంచెం సిగ్గు లేనట్టు.

పూలు ఇంక రాలే.

షేర్ ఆటోల నలుగురి నడుమ ఇరుక్కున్నంక,
దారుల్‌షిఫా మలుపు కాడ,
ఒంటి వేడికి అవి ఒక్కొక్కటే లేచినయ్.
జాజి అందామంటే కాదు,
గులాబీ అందామంటే పక్కకు జరిగింది.
పెండ్లి హాలుల రాత్రి రెండు గంటలకు
కుర్చీల మీద మరిచిపోయిన దండలు గుర్తొచ్చినయ్,
అంచులు వాడినయ్, నడుమ ఇంక పానమున్నది.
పక్కన కూసున్న కాలేజీ పిల్ల
తనకు తెల్వకుంటనే నా దిక్కు ఒరిగింది.

చాదర్‌ఘాట్ కాడ మూసీ వచ్చింది.
అందరు కొంగులు, రుమాళ్లు అడ్డం పెట్టుకున్నరు.
నేను మణికట్టు పెట్టుకున్న.
అటు నది, ఇటు పండు,
నడుమ నా నాడి
తన పని తాను చేస్కుంటున్నది.

ల్యాబుల రఫియా చేతికి నా చెయ్యి రుద్దిన.
ఆమె మీద మొత్తం పండే,
ఒక్క పువ్వన్న పూయలే.
"నా తోలుల తోట లేదక్కా" అని నవ్వి
స్పిరిట్ దూదితోని తుడుచుకున్నది.
వాచ్‌మన్ పోశెట్టి లోపలికి తొంగిచూసి
ఊదుబత్తి ఎవరు ముట్టిచ్చిన్రని అడిగిండు.

నాలుగింటికి జైబున్నిసా బేగం, డెబ్బై ఎనిమిదేండ్లు.
ఎడమ చేతికి నరం దొరకలే.
కుడి చేతికి రబ్బరు పట్టీ కట్టిన, తట్టిన, నిమిరిన,
కాయితం లాంటి తోలు కింద
అన్నీ దాక్కున్నయ్.
ఇంక కొంచెం వంగిన.
గ్లవ్వు అంచు మీది నుంచి వాసన పోయినట్టుంది,
ఆమె కండ్లు మూసుకున్నది.

"ఆలూబుఖారా భిగోయే క్యా, బేటీ?"

జ్వరమొస్తే వాళ్లమ్మ
ఎండు ఆలూబుఖారాలు నాలుగు
రాత్రే కటోరల నానబెట్టేదంట,
పొద్దున నోటికి రుచి రానీకి.
గింజ పారెయ్యకపోయేదంట,
బుగ్గన పెట్టుకొని మధ్యాన్నం దాక చప్పరించేదంట.
కటోర కింద సొట్ట ఎట్లుండెనో చెప్తుంటే
నరం దానంతటదే పైకి తేలింది.
సూది పోయింది, వచ్చింది.
ఆమె ఇంక కటోర కాడనే ఉన్నది.

రాత్రి ఎనిమిదింటికి చూస్తే
పండు లేదు, పూలు లేవు.
ఎన్నిసార్లు సబ్బుతోని కడిగిననో లెక్కలేదు,
అయినా అడుగున ఏదో మిగిలింది:
చప్పరిచ్చి చప్పరిచ్చి వదిలిన గింజ లాంటిది,
కొంచెం చేదు, కొంచెం కట్టె,
ఇంత ఉప్పు.
ఆ ఉప్పు నాదే అనుకుంట.

రేపు డ్యూటీకి ముందుగాల పోయి కొనుక్కోవాలె.
పెద్ద బుడ్డి వద్దు,
మూడు ఎం.ఎల్. చాలు.
ఒక సీబీసీకి నేను తీసే నెత్తురు
గంతనే.