లక్కల ముఖం

పత్తి ఏరిన చేతులతోనే వచ్చింది జమ్లీబాయి.
కొంగుముడి విప్పి నా ముందర పెట్టింది.
"సేటుకు చూపియ్యలే. నువ్వు చెప్పు,
ఇత్తడా, పుత్తడా?"

దేవరకొండ బజార్ల ముప్పయ్యేండ్లుగా
కుంపటి ముందర కూసున్నోణ్ణి.
గీటురాయి తియ్యకముందే వేలికి తెలిసింది.
గింత మెత్తటి బరువు ఇత్తడికుండదు.

కండ్లద్దం పెట్టి చూసిన.
పక్కకు తిరిగిన మొగోడి ముఖం,
నెత్తిమీద ఆకుల దండ,
చుట్టూత నాకు రాని అక్షరాలు
చీమలబారు లెక్క.
ఏ దేశపు రాజో.

మెడ కాడ గాటు.
ఉలిగాటు. ఒక్కటే దెబ్బ, వంకర లేదు.
లోపల రాగి ఉన్నదేమో అని
ఎన్నడో, ఎవడో, నా అసుంటోడే
రాజు మెడ కోసి చూసిండు.
వాడి చెయ్యి నాకెరుకే.
మా తాత ఉలి గూడ గట్లనే పడేది.

గాటుకు పైన రెండు బెజ్జాలు,
దారం ఒరిసి ఒరిసి నున్నగైనయి.
అంటే
మిరియాలకో, సన్నబట్టకో
ఓడెక్కి వచ్చిన రాజు
ఈ కృష్ణ ఒడ్డున ఒక ఆడామె మెడల వేలాడిండు.
ఆమె వంగితే వంగిండు.
సంకల పిల్ల గుంజితే పిల్ల నోట్లెకు పోయిండు.
చెంప అరిగింది గందుకే,
యుద్ధాలల్ల కాదు.

జమ్లీ నవ్వి తన రైక చూపిచ్చింది.
అద్దాల నడుమ కుట్టిన పాత రూపాయి బిళ్లలు,
వాటిమీద గడ్డం రాజు, బట్టతల.
"మా దాదీ కుట్టింది. గీయన ఎవలో
ఆమెకు గూడ తెల్వది."

బిళ్లను తనే తిప్పింది.
వెనుక, కుర్చీల కూసున్న ఒకామె, చేతిల కొమ్మ.
"కలుపు తీసి కూసున్నట్టున్నది," అన్నది.
జరసేపు చూసి,
"ఎవలూ నీళ్లియ్యనట్టున్నది."

కరిగిస్తే ఎరువుల బాకీ తీరుతది.
ఇద్దరికీ తెలుసు.
మూస తీసిన. మళ్ల లోపల పెట్టిన.
లక్క కాచి రెండు దిక్కులా అచ్చు దీసుకుంటాంటె
ఆమె వద్దనలేదు.
చల్లారినంక బిళ్లను ముడేసుకొని పోయింది.
యాడికి పోయిందో నేనడగలే,
ఆఫీసుకో, సేటు కాడికో,
దొరికిన చెల్కలెకేనో.

ఎండలు ముదిరినయి.
రేకుల కింద లక్క మెత్తబడ్డది.
రాజు ముక్కు జారింది,
ఆకుల దండ గదువ మీదికొచ్చింది.

రెండో అచ్చు బాగనే ఉన్నది.
దాన్ని నేను
నీళ్లకుండ పక్కన పెడ్త.